సామాను వచ్చేదాకా పైసలు ఎవరి దగ్గరుంటాయి?

ప్రశ్న: మాది బోడుప్పల్. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను, ఫాల్స్ వేస్తాను. పెళ్ళిళ్ళ సీజన్‌లో పాత మెషిన్ మొరాయిస్తోందని సెకండ్ హ్యాండ్ జూకీ మెషిన్ కోసం ఫోన్‌లో వెతికాను. పాత సామాన్లు అమ్ముకునే ఒక యాప్‌లో 14,000కి కనిపించింది. అమ్మేవాడు మిలిటరీలో ఉన్నానని, గోల్కొండ దగ్గర క్వార్టర్స్ అని, ట్రాన్స్‌ఫర్ వచ్చిందని చెప్పాడు. ఐడీ కార్డు, యూనిఫాంలో ఫొటో పంపాడు. నమ్మకం కోసమని ముందు అతనే నాకు 5 రూపాయలు వేశాడు. నేను అడ్వాన్స్ 2,000, బండిలో ఎక్కించామన్నాక 12,000 యూపీఐలో పంపాను. తర్వాత గేట్ పాస్‌కి 3,150 కట్టాలి, మెషిన్ దించగానే వాపసు వస్తుంది అన్నాడు. కట్టాను. ఎంట్రీ తప్పు పడింది, ఇంకోసారి అంతే కడితే రెండూ కలిపి వెనక్కి వస్తాయి అన్నాడు. అదీ కట్టాను. మొత్తం 20,300. అప్పటినుంచి ఫోన్ ఎత్తడు. నాలుగు రోజులైంది. పోలీసుల దాకా వెళ్తే పరువు పోతుందని మావారు అంటున్నారు. పేమెంట్ యాప్‌లో కంప్లయింట్ పెడితే ‘ట్రాన్సాక్షన్ సక్సెస్‌ఫుల్’ అని జవాబొచ్చింది. డాలస్‌లో ఉన్న మా తమ్ముడేమో అక్కడ పేపాల్‌లో కడితే సామాను రాకపోయినా డబ్బు తిరిగొస్తుంది అంటున్నాడు. మన దగ్గర అలాంటిది లేదా? మా అమ్మాయి ఇన్‌స్టాగ్రామ్‌లో చీర ఆర్డర్ పెడతానని రోజూ అడుగుతోంది. అసలు ఏ యాప్‌లో కడితే సేఫ్?
— పేరు వద్దు, బోడుప్పల్

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం చేరిన పూటే మీకు ఫోన్ చేసి 1930కి కొట్టమని చెప్పాం. ఇక్కడ మళ్ళీ రాస్తున్నది మీలాగే ‘పోయినవి ఎలాగూ రావు, ఎందుకులే’ అని కూర్చున్న మిగతావాళ్ళ కోసం.

1930 అనేది సైబర్ మోసాల్లో డబ్బు పోయినవాళ్ళ కోసం దేశమంతటికీ పెట్టిన నంబర్. అక్కడ మీ కథంతా చెప్పబోతే మధ్యలో ఆపేస్తారు, నొచ్చుకోవద్దు. వాళ్ళకి కావాల్సింది నాలుగు ముక్కలు: మీ బ్యాంకు, ఎంత పోయింది, ఏ టైముకి పోయింది, యూటీఆర్ నంబర్. యూటీఆర్ అంటే ప్రతి పేమెంట్‌కీ విడిగా పడే గుర్తింపు నంబర్, 12 అంకెలుంటుంది. మీ యాప్ హిస్టరీలో ఆ పేమెంట్‌ని తాకితే కింద కనిపిస్తుంది. మీవి నాలుగు పేమెంట్లు కాబట్టి నాలుగు నంబర్లు. ‘మొత్తం 20,300’ అని ఒకే ముక్కలో చెబితే పని జరగదు. ఎందుకంటే 2,000 ఒక ఖాతాకి, 12,000 ఇంకో ఖాతాకి పోయి ఉండొచ్చు. హిస్టరీ తీసి చూడండి, ప్రతిసారీ ఒకే క్యూఆర్ పంపాడో లేదో తెలుస్తుంది.

ఫోన్ పెట్టేశాక ఒక ఫిర్యాదు నంబర్ మెసేజ్‌లో వస్తుంది. దాంతో సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో మిగతా వివరాలు, చాట్ స్క్రీన్‌షాట్లు, అతను పంపిన ఐడీ ఫొటో అన్నీ ఎక్కించాలి. ఫోన్‌లో చేయడం కష్టమైతే అమ్మాయిని కూర్చోబెట్టండి. ఒక గంట పని.

ఈ గంట ఎందుకు విలువైందంటే, మీ ఫిర్యాదు పోలీసుల ఫైల్లోకి వెళ్ళి కూర్చునేది కాదు. డబ్బు పడిన బ్యాంకుకి అది నేరుగా చేరుతుంది. అక్కడ ఇంకా డబ్బుంటే ఆ మేరకు హోల్డ్ పెడతారు. అప్పటికే ఇంకో ఖాతాలోకి జరిపేసి ఉంటే ఆ రెండో బ్యాంకుకి కబురు వెళ్తుంది. మోసగాళ్ళు వాడేవి సొంత ఖాతాలు కావు. నెలకింతని అద్దెకి తీసుకున్నవో, ఎవరో అమాయకుడి పేరున తెరిచినవో ఉంటాయి. డబ్బు పడీ పడగానే చీల్చి నాలుగైదు చోట్లకి పంపి, ఏటీఎంలో లాగేస్తారు. ఇదంతా నిమిషాల్లో, గంటల్లో జరిగే పరుగు. అందుకే డబ్బు పోయిన మొదటి గంటకి అంత విలువ. మీకు నాలుగు రోజులు గడిచిపోయాయి. మొత్తం దొరుకుతుందని ఆశ పెట్టను. కానీ ఇంకో మాట కూడా ఉంది. అదే ఖాతా మీద వరంగల్ నుంచో నిజామాబాద్ నుంచో నిన్ననే ఎవరైనా ఫిర్యాదు చేసి ఉంటే అది ఇప్పటికే ఆగిపోయి ఉండొచ్చు. అందులో మీ 3,150 కూడా చిక్కుకుని ఉండొచ్చు. మీ ఫిర్యాదు లేకపోతే అందులో మీ వాటా ఉందని చెప్పేవాళ్ళే ఉండరు.

హోల్డ్ పెట్టిన డబ్బు దానంతటది మీ ఖాతాలోకి రాదు, చాలా కేసుల్లో కోర్టు ఉత్తర్వు అడుగుతారు. కోర్టు అనగానే వాయిదాలు గుర్తొస్తాయి గానీ తెలంగాణలో ఇలాంటి రీఫండ్లు చాలావరకు లోక్ అదాలత్‌లో తేలుస్తున్నారు. పిలుపు వచ్చినప్పుడు ఆధార్, బ్యాంకు స్టేట్‌మెంట్, ఫిర్యాదు నంబర్ పట్టుకుని వెళ్ళాలి.

పరువు సంగతి. మీవారికి ఒక్క మాట చెప్పండి. పోర్టల్‌లో ఫిర్యాదు చేస్తే ఇంటి ముందు జీపు ఆగదు. స్టేషన్‌కి పిలిచినా మీరు బాధితురాలిగా వెళ్తారు. ఆ మనిషి మీ కంటే ముందు ఎంతమంది దగ్గర ఇదే గేట్ పాస్ పాట పాడాడో, వాళ్ళలో ఎంతమంది ‘పరువు’ అని ఊరుకున్నారో. వాళ్ళు నోరు విప్పి ఉంటే ఆ నంబర్ మీదాకా వచ్చేది కాదు. స్టేషన్‌లో ‘ఇది మా పరిధి కాదు’ అంటే జీరో ఎఫ్ఐఆర్ రాయమని అడగండి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసి, తర్వాత సరైన చోటికి పంపాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో ఇది స్పష్టంగానే ఉంది.

ఇప్పుడు యాప్ ఇచ్చిన జవాబు. ‘ట్రాన్సాక్షన్ సక్సెస్‌ఫుల్’ అన్నది చూసి మీకు ఒళ్ళు మండి ఉంటుంది. అది వెటకారం కాదు, వాళ్ళ వైపు నుంచి నిజంగా అంతే. మీరు పంపమన్నారు, వాళ్ళు పంపారు, అవతల చేరింది. దేశంలో చెల్లింపుల వ్యవస్థ నడిపే ఎన్‌పీసీఐ సంస్థ 2016లో యూపీఐని తెచ్చింది ఇందుకే: ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి క్షణాల్లో, అప్పటికప్పుడు, తిరుగులేకుండా డబ్బు చేరడానికి. కూరగాయల బండి దగ్గర నోటు తీసి చేతిలో పెట్టినట్టే. పెట్టాక ఆ నోటు మీది కాదు. ఆ వేగాన్నే మనం రోజూ మెచ్చుకుంటాం, మోసపోయిన రోజు తిట్టుకుంటాం.

బ్యాంకు కౌంటర్లో ఫిర్యాదుల టేబుల్ దగ్గర కూర్చున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నా, అక్కడ మొదట వచ్చే తగువు ఇదే. ‘రిజర్వ్ బ్యాంక్ రూల్ ఉంది, మూడు రోజుల్లో చెబితే మొత్తం ఇవ్వాలి’ అని పేపర్ కటింగ్ పట్టుకొస్తారు. ఆ రూల్ ఉన్న మాట నిజం. 2017 జులై 6న వచ్చింది. మీ తప్పూ లేక, బ్యాంకు తప్పూ లేక, బయటివాళ్ళు మీకు తెలియకుండా డబ్బు లాగేస్తే, మూడు పనిరోజుల్లోపు చెబితే నష్టం మీ మీద పడకూడదు. నాలుగు నుంచి ఏడు పనిరోజుల మధ్య చెబితే కొంతవరకే పడుతుంది. అయితే అందులో కీలకం ‘మీకు తెలియకుండా’ అన్నదే. మీ విషయంలో పిన్ కొట్టింది మీరే. మోసపోయి కొట్టారు, నిజమే. కానీ బ్యాంకు లెక్కలో అది మీరు ఒప్పుకుని పంపిన డబ్బు. ఈ గీత దగ్గరే ఎక్కువ కేసులు ఆగిపోతాయి. న్యాయమా అంటే నాకు పూర్తిగా న్యాయం అనిపించదు. కానీ ఉన్నది అది.

అలాగని బ్యాంకుకి రాయొద్దని కాదు. తప్పకుండా రాయండి, రాతపూర్వకంగా, 1930 ఫిర్యాదు నంబర్ వేసి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి వెళ్ళొచ్చు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. అక్కడ చూసేది ‘మోసం జరిగిందా’ అని కాదు, ‘చెప్పాక బ్యాంకు చేయాల్సింది చేసిందా’ అని. సాయంత్రం ఆరింటికి చెప్పినా మర్నాడు మధ్యాహ్నందాకా ఎవరూ కదల్లేదనుకోండి, అది బ్యాంకు లోపం. దానికి వాళ్ళు జవాబు చెప్పాలి. మీరు ఎప్పుడు చెప్పారన్నదానికి కాగితం ఉండాలంటున్నది అందుకే.

మీ తమ్ముడి మాటకి వద్దాం. అతను చెప్పింది అబద్ధం కాదు. పేపాల్‌లో సామాను కొని డబ్బు కడితే, సామాను రాకపోయినా, వచ్చింది చెప్పినట్టు లేకపోయినా 180 రోజుల్లోపు తగాదా వేయొచ్చు. రెండువైపులా విని, కొన్నవాడి వైపు న్యాయముంటే డబ్బు తిరిగి ఇప్పిస్తారు. కానీ అక్కడ కూడా ఒక మెలిక ఉంది. ‘ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ’ అని ఇంకో దారి ఉంటుంది, అందులో పంపితే ఈ రక్షణ వర్తించదు. అక్కడి మోసగాళ్ళు అడిగేది సరిగ్గా అదే: ‘ఫీజు కలిసొస్తుంది, ఫ్రెండ్స్ అని పెట్టి పంపు’ అంటారు. ఇంకోటి కూడా మీ తమ్ముణ్ణి అడగండి. డాలస్‌లో అద్దెకో, ఇండియన్ స్టోర్ దగ్గర కలిసిన మనిషికో జెల్‌లో డబ్బు పంపుతుంటాడు కదా. సామాను రాకపోతే జెల్ వెనక్కిస్తుందా అని అడగండి. ఇవ్వదు. అది వాళ్ళ యూపీఐ లాంటిదే. మోసం అమెరికాలో ఉన్నా అమీర్‌పేట్‌లో ఉన్నా తేడా దేశంలో లేదు, దారిలో ఉంది.

మన దగ్గర పేపాల్ కథ వేరు. ఇండియాలో ఇక్కడివాళ్ళు ఇక్కడివాళ్ళకే కట్టుకునే సేవని వాళ్ళు 2021 ఏప్రిల్ 1 నుంచి ఆపేశారు. విదేశీ అమ్మకందారుకి కట్టాల్సి వస్తే ఉపయోగం. బోడుప్పల్ నుంచి గోల్కొండకి పనికిరాదు.

అందుకే ‘ఏ యాప్ సేఫ్’ అన్న మీ ప్రశ్నని కాస్త మార్చి చెబుతాను. సామాను మీ చేతికి వచ్చేదాకా పైసలు ఎవరి దగ్గరుంటాయి? అమ్మేవాడి దగ్గరే ఉంటే ఏ యాప్ అయినా ఒకటే. యాప్ తెర మీద డాలు బొమ్మ, ‘100 శాతం సెక్యూర్’ అన్న అక్షరాలు కనిపిస్తాయే, అవి మీ పిన్ ఎవరూ దొంగిలించకుండా ఉండటం గురించి. అమ్మేవాడు దొంగ కాదని అవి హామీ ఇవ్వవు. మధ్యలో ఇంకో చెయ్యి ఉండి, ఆ చేతికి చట్టం ప్రకారం జవాబుదారీ ఉంటే అప్పుడు మీకు పట్టు దొరుకుతుంది.

మన పెద్దవాళ్ళకి ఇది కొత్త కాదు. వారపత్రికల వెనక అట్ట మీద ‘వి.పి.పి. ద్వారా పంపబడును’ అని ఉండేది. పుస్తకమో వాచీయో పోస్ట్‌మ్యాన్ పట్టుకొచ్చేవాడు, డబ్బు ఆయన చేతిలో పెడితేనే పార్సిల్ ఇచ్చేవాడు, ఆ డబ్బు పోస్టాఫీసు అటువైపు పంపేది. విప్పి చూస్తే వాచీ బదులు బొమ్మ వాచీ ఉన్న సందర్భాలూ లేకపోలేదు. అయినా పార్సిల్ వచ్చేదాకా డబ్బు మన జేబులోనే ఉండేది, పంపినవాడి చిరునామా పోస్టాఫీసు దగ్గర ఉండేది. ఇప్పటి క్యాష్ ఆన్ డెలివరీలో ఉన్న బలం, బలహీనత రెండూ అవే. పార్సిల్ విప్పకుండా కట్టాలి. అందుకే ఫోన్లు, టీవీల్లాంటి వాటికి ఓపెన్ బాక్స్ డెలివరీ ఉందేమో చూసుకోండి: డెలివరీ అబ్బాయి ముందే విప్పి, సరిగ్గా ఉంటేనే ఓటీపీ చెప్పాలి. ఆ అబ్బాయి ‘తొందర మేడమ్, ఇంకా ఇరవై ఉన్నాయి’ అంటాడు. అననివ్వండి.

పెద్ద షాపింగ్ యాప్‌లలో కొంటే డబ్బు ముందు ఆ కంపెనీ చేతికి వెళ్తుంది, అమ్మినవాడికి కాదు. 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వాళ్ళకి ఫిర్యాదుల అధికారి ఉండాలి, 48 గంటల్లో మీ ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలో తేల్చాలి. ఈ రక్షణ యాప్ లోపల కట్టినప్పుడే. అమ్మేవాడు చాట్‌లో ‘వాట్సాప్‌కి రండి, కమిషన్ మిగులుతుంది, మీకు 500 తగ్గిస్తా’ అన్నాడంటే, ఆ 500 కోసం మీరు గొడుగు మూసేసి వానలోకి దిగినట్టే. మీరు మెషిన్ చూసిన యాప్ ఈ రకం కాదు. అది ప్రకటనల బోర్డు. ఎవరు ఏం అమ్ముతున్నారో చూపిస్తుంది, డబ్బు ముట్టుకోదు. చాలామందికి ఈ రెండింటి మధ్య తేడా తెలీదు, ఎందుకంటే తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి.

ఇక చిన్న చిన్న వెబ్‌సైట్లు. కట్టేచోట ఏదైనా పేమెంట్ గేట్‌వే పేజీ తెరుచుకుంటే, మీ డబ్బు నేరుగా అమ్మేవాడి ఖాతాలో పడదు. రిజర్వ్ బ్యాంక్ నియమాల ప్రకారం ఆ గేట్‌వే కంపెనీ దాన్ని బ్యాంకులో ఎస్క్రో ఖాతాలో, అంటే సొంతానికి వాడుకోకుండా విడిగా పెట్టే ఖాతాలో ఉంచి, తర్వాత అమ్మేవాడికి ఇవ్వాలి. కొన్ని రోజుల్లోనే ఇచ్చేస్తుంది కాబట్టి దీన్ని పెద్ద భరోసాగా అనుకోవద్దు. కానీ మోసమని తెలిసిన వెంటనే ఆ గేట్‌వేకి మెయిల్ పెడితే ఆపగలిగే అవకాశం కొంత ఉంటుంది. అదే ‘ఈ క్యూఆర్‌కి కొట్టి స్క్రీన్‌షాట్ వాట్సాప్ చేయండి’ అనే సైట్‌లో ఆ కొంత కూడా ఉండదు.

వీటన్నిటికంటే గట్టిది క్రెడిట్ కార్డు. అప్పు అంటే భయపడి మనవాళ్ళు దూరం పెడతారు, ఆ భయంలో తప్పులేదు. కానీ ఆన్‌లైన్‌లో తెలియనివాళ్ళ దగ్గర కొనేటప్పుడు దానికున్న పట్టు డెబిట్ కార్డుతో సమానం కాదు. కార్డుతో కట్టిన సామాను రాకపోతే బ్యాంకులో డిస్ప్యూట్ ఫారం నింపి ఛార్జ్‌బ్యాక్ అడగొచ్చు. మీ బ్యాంకు అమ్మేవాడి బ్యాంకుని ‘సామాను పంపినట్టు రుజువు చూపించు’ అంటుంది. చూపించలేకపోతే డబ్బు వెనక్కి లాగుతారు. మామూలుగా దీనికి 120 రోజుల గడువు, కానీ బ్యాంకులు ఇంకా ముందే చెప్పమంటాయి. ఛార్జ్‌బ్యాక్ డెబిట్ కార్డుకీ ఉంది. తేడా ఏమిటంటే డెబిట్‌లో పోయింది మీ ఖాతాలోని డబ్బు, తగువు తేలేదాకా ఇంటి ఖర్చు ఆగుతుంది. క్రెడిట్‌లో పోయింది ముందు బ్యాంకు డబ్బు. ఇచ్చినవాడికే ఎక్కువ తపన.

మీ అమ్మాయికి నచ్చే చిట్కా ఒకటి. రూపే క్రెడిట్ కార్డుని యూపీఐ యాప్‌కి కలుపుకోవచ్చు. అలా కలిపిన కార్డు నుంచి డబ్బు వ్యాపారుల క్యూఆర్‌కే పోతుంది, వ్యక్తుల ఖాతాకి పోదు. ‘బొటీక్’ అని బోర్డు పెట్టుకున్న పేజీ పంపిన క్యూఆర్ మీద అది పనిచేయకపోతే, అది షాపు ఖాతా కాకపోవచ్చు. ఇంట్లో కూర్చుని నిజాయితీగా చీరలమ్మే వాళ్ళు కూడా సొంత ఖాతా క్యూఆరే వాడతారు, కాబట్టి దొంగ అని తేల్చేయకూడదు. ఇంకో రెండు విషయాలు చూడాలని గుర్తు, అంతే.

ఆ చూడాల్సినవి ఏమిటంటే. ఇన్‌స్టాలో ఆ పేజీ పేరు నొక్కితే ‘అబౌట్ దిస్ అకౌంట్’ అని వస్తుంది. ఎప్పుడు మొదలైందో, ఇదివరకు వేరే పేర్లు ఎన్నిసార్లు మార్చారో ఉంటుంది. నిన్నటిదాకా సినిమా మీమ్స్ పేజీగా ఉండి ఇవాళ పోచంపల్లి చీరలు అమ్ముతుంటే ఫాలోయర్లు లక్ష ఉన్నా లెక్కలోకి రారు, వాళ్ళు మీమ్స్ కోసం వచ్చినవాళ్ళు. కామెంట్లు ఆపేశారంటే ఎవరో తిడుతున్నారనే. ఫొటోలో చీర కొంగు మడతలో వేరే షాపు వాటర్‌మార్క్ సగం కనిపిస్తుంటుంది, జూమ్ చేసి చూడమనండి. జీఎస్టీ నంబర్ ఇస్తే జీఎస్టీ సైట్‌లో కొట్టి చూడొచ్చు, పేరు, ఊరు వస్తాయి. హైదరాబాద్ షాపు అని చెప్పుకుంటే ఆ నంబర్ 36తో మొదలవ్వాలి, 37 అయితే ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్. అన్నిటికంటే సులువైనది, వీడియో కాల్ చేసి ‘ఆ మూడో చీర కొంగు విప్పి చూపించండి’ అనడం. నిజంగా చీర ఉన్నవాళ్ళు సంతోషంగా చూపిస్తారు, ఇంకో నాలుగు కూడా చూపించి మిమ్మల్ని వదలరు. లేనివాళ్ళకి నెట్‌వర్క్ సమస్య వస్తుంది.

చాలా పేజీల్లో ‘నో రిటర్న్, నో ఎక్స్‌ఛేంజ్, ఓపెనింగ్ వీడియో మస్ట్’ అని రాస్తారు. వీడియో తీయడం మీకే మంచిది, పార్సిల్ మీద చిరునామా కనిపించేలా, కట్ చేయకుండా ఒకటే షాట్. కానీ ఆ ‘నో రిటర్న్’కి భయపడకండి. చూపించినది ఒకటి, పంపినది ఇంకొకటి అయినా, చిరిగినది వచ్చినా వెనక్కి తీసుకోవాల్సిందే. ఆ 2020 నిబంధనలే అలా చెబుతున్నాయి, రోజూ వ్యాపారంగా అమ్మేవాళ్ళకి ఇన్‌స్టా అయినా అవి వర్తిస్తాయి. ఇవ్వనంటే 1915, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. అమ్మినవాడు సూరత్‌లో ఉన్నా కేసు మీరుండే చోటే వేయొచ్చు. 5 లక్షల లోపు సరుకుకి ఫీజు లేదు, లాయర్ లేకుండా మీరే చెప్పుకోవచ్చు, రెండేళ్ళ గడువు ఉంది.

1915, 1930 రెండింటినీ కలిపేసుకోవద్దు. షాపు నిజం, సరుకు తేడా అయితే 1915. షాపే అబద్ధం అయితే 1930. మీ ‘జవాను’ రెండో రకం, అతని మీద వినియోగదారుల కమిషన్‌కి వెళ్తే నోటీసు పంపడానికి చిరునామాయే దొరకదు.

అతని గురించి కూడా నాలుగు మాటలు రాయాలి, ఎందుకంటే ఈ వేషం మన ఊళ్ళో బాగా పారుతుంది. గోల్కొండ, మెహదీపట్నం, తిరుమలగిరి, బొల్లారం, ఎటు చూసినా మిలిటరీ ఏరియాలే. జవాను అంటే మనకి గౌరవం, లోపలికి వెళ్ళి చూడలేం అన్నది కూడా నిజం. మోసగాడికి ఈ రెండూ కలిసొస్తాయి. ‘లోపలికి సివిలియన్స్‌ని రానివ్వరు, మిలిటరీ ట్రాన్స్‌పోర్ట్‌లో పంపిస్తా’ అంటే సబబుగానే వినిపిస్తుంది. ఆ ఐడీ కార్డు కూడా నకిలీ కానక్కర్లేదు. ఇంతకుముందు ఇంకెక్కడో నిజమైన జవాను దగ్గర ‘కొంటాను, నమ్మకానికి ఐడీ పంపు’ అని తీసుకున్నది అయి ఉండొచ్చు. ఇక ఆ 5 రూపాయలు. డబ్బు ఇచ్చేవాడు మోసగాడెలా అవుతాడని మనకి అనిపించడానికి పెట్టుబడి అది, 20,300కి 5.

మీరు ఒకటి గమనించారో లేదో. పిన్ కొట్టేముందు తెర మీద, అవతలివాళ్ళ బ్యాంకు ఖాతాలో ఉన్న పేరు వస్తుంది. మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో చూశాను. ఐడీ కార్డు మీద మగమనిషి పేరు, పేమెంట్ తెర మీద వేరే ఇంటిపేరుతో ఆడమనిషి పేరు. అడిగితే ‘మా వదిన ఖాతా, నాది మిలిటరీ ఖాతా కాబట్టి లిమిట్’ అన్నాడని మీరే చాట్‌లో రాసుకున్నారు. అంటే మీకు అనుమానం వచ్చింది, అడిగారు కూడా. అతని దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఇకమీదట ఆ పేరు దగ్గర ఆగండి. జవాబు ఎంత బాగున్నా సరే, పేరు కలవకపోతే కట్టకండి. ‘వాపసు వచ్చే డబ్బు’ ముందు కట్టమన్నచోట కూడా ఇంతే. గేట్ పాస్, జీఎస్టీ, ఇన్సూరెన్స్, పేరేదైనా, తిరిగిచ్చేదైతే అసలు తీసుకోవడం దేనికి? సామాను ధరలోనే తగ్గించుకోమనండి, వెంటనే కోపం వస్తుంది అతనికి.

ఇప్పుడు మీరు ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సింది రాబోయే రోజుల్లో. మోసపోయినవాళ్ళ నంబర్లు చేతులు మారతాయి. ‘సైబర్ సెల్ నుంచి మాట్లాడుతున్నాం, మీ డబ్బు దొరికింది, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి’ అని ఫోన్ వస్తుంది. లేదా ‘రీఫండ్ ఫారం’ అని వాట్సాప్‌లో ఒక ఫైల్ వస్తుంది, చివర ఏపీకే అని ఉంటుంది, తాకితే మీ మెసేజ్‌లన్నీ అటు పోతాయి. గూగుల్‌లో మీ బ్యాంకు కస్టమర్ కేర్ అని వెతికితే దొంగ నంబర్లు కూడా పైనే కనిపిస్తాయి, కార్డు వెనక అచ్చేసిన నంబర్‌కే చేయండి. డబ్బు మీకు రావాలంటే పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు. 1930 వాళ్ళు ఓటీపీ అడగరు, ఫీజు అడగరు. ఆ జవానుతో చాట్ చెరిపేయొద్దు, అలాగని శాపనార్థాలూ పెట్టొద్దు. మీరు ఫిర్యాదు చేశారని తెలిస్తే మిగిలిన ఖాతాలు ఇంకా త్వరగా ఖాళీ చేస్తాడు.

మెషిన్ మాత్రం మీకు కావాలి కదా, ఆర్డర్లు ఆగవు. సెకండ్ హ్యాండ్‌లో కొనేటట్టయితే ఇంటికో షాపుకో వెళ్ళి చూసే వీలున్నదే చూడండి, ఎంత తక్కువకి వచ్చినా దూరం నుంచి వద్దు. రెండు రకాల గుడ్డ ముక్కలు పట్టుకెళ్ళండి, ఒకటి పల్చని లైనింగ్, ఒకటి జీన్స్ లాంటిది, రెండింటి మీదా కుట్టు వేసి చూడండి. మోటార్ పది నిమిషాలు ఆపకుండా తిప్పమనండి. అడ్వాన్స్ అడిగితే ఐదొందలు దాటొద్దు. మిగతాది మెషిన్ ట్రాలీ ఆటోలో ఎక్కి, తాడు కట్టాక, అక్కడే నిలబడి కొట్టండి. అప్పుడు యూపీఐ అయినా నగదు అయినా ఒకటే.

బ్యాంకు నుంచి రాతపూర్వక జవాబు వచ్చాక ఆ కాగితం ఫొటో మాకు పంపండి, ఖాతా నంబర్ మీద వేలు అడ్డం పెట్టి తీయండి. తేడాగా ఉంటే అంబుడ్స్‌మన్‌కి ఏం రాయాలో అప్పుడు చూద్దాం.